ఇంట్లో చేసిన అయాన్ థ్రస్టర్: గాలి తీసేస్తే ఏం మిగిలింది?

ఈ సైట్‌లో నేను మామూలుగా రాసేది ఫోన్లు, ఛార్జర్లు, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి రివ్యూకి వచ్చిన గ్యాడ్జెట్ ఏ షాపులోనూ దొరకదు. మా బాబాయి కొడుకు చెప్పుల డబ్బాలో పెట్టుకుని గుంటూరు నుంచి బస్సులో తెచ్చాడు.

వాడు అక్కడికి దగ్గర్లో ఒక కాలేజీలో ట్రిపుల్ఈ ఫైనల్ ఇయర్. మేజర్ ప్రాజెక్ట్ టైటిల్ ‘ఉపగ్రహాల కోసం తక్కువ ఖర్చుతో అయాన్ థ్రస్టర్’. ఫైనల్ రివ్యూకి ఇంకా రెండు వారాలే ఉంది. గైడ్ సార్ ఓకే చేసేశారు, బ్యాచ్‌లో నలుగురు ఉన్నారు, రిపోర్ట్ సగం టైప్ అయిపోయింది. మియాపూర్‌లో మా ఫ్లాట్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఆన్ చేశాడు. ముందు సన్నగా బుస్‌మని శబ్దం. ఎదురుగా పెట్టిన కొవ్వొత్తి మంట పక్కకి వాలిపోయింది. తిరిగే భాగం ఒక్కటీ లేదు, ఫ్యాన్ లేదు, అయినా గాలి వస్తోంది. నేనూ నోరు తెరిచి చూశాను, అబద్ధమెందుకు చెప్పాలి.

తర్వాత మామూలుగానే అడిగాను. “బానే ఉంది రా, వ్యాక్యూమ్‌లో పెట్టి చూశావా?”

“లేదన్నయ్యా. మా కాలేజీలో ఛాంబర్ లేదు. అయినా గాలిలోనే ఇంత బాగా పనిచేస్తే, అడ్డం లేని చోట ఇంకా బాగా పనిచేస్తుంది కదా?”

ఈ ఆర్టికల్ మొత్తం ఆ చివరి ప్రశ్న గురించే.

ముందు ఒక హెచ్చరిక. ఇందులో వాడిన వోల్టేజ్ ప్రాణం తీయగలదు. కరెంటు ఆపేసినా కెపాసిటర్లలో, వైర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది. మేం ప్రతిసారీ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పొడవాటి పీవీసీ కర్రకి రెసిస్టర్ కట్టి డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాం. పక్కన రెండో మనిషి లేకుండా ఒక్కసారి కూడా ఆన్ చేయలేదు. ఇది చదివి మీరు కూడా చేసేయమని నేను చెప్పడం లేదు.

అసలు డబ్బాలో ఏముంది?

ఒక చిన్న ప్లాస్టిక్ ఫ్రేమ్. ఒక చివర కుట్టుమిషన్ సూది. దానికి రెండున్నర సెంటీమీటర్ల ముందు ఏసీ రాగి గొట్టం నుంచి కోసిన రింగు. సూదికి హై వోల్టేజ్ పాజిటివ్, రింగుకి ఎర్త్. అంతే, మొత్తం బరువు 12 గ్రాములు.

హై వోల్టేజ్ కోసం వాడు మొదట ఆన్‌లైన్‌లో దొరికే బుల్లి మాడ్యూల్ కొన్నాడు. దాని పేజీలో ‘4 లక్షల వోల్టులు’ అని రాసుంది. మన పాఠకులకి ఈ కథ కొత్త కాదు. అరచేతిలో పట్టే పవర్ బ్యాంకు మీద 50,000 ఎంఏహెచ్ అని రాసే బాపతే ఇది. సమతలంగా ఉన్న రెండు లోహపు పలకల మధ్య మామూలు గాలిని చీల్చి స్పార్క్ రావాలంటే సెంటీమీటరుకి సుమారు 30,000 వోల్టులు కావాలి, మొనలైతే ఇంకా తక్కువ చాలు. దాని స్పార్కేమో సెంటీమీటరున్నర దాటలేదు. ఇక 4 లక్షలు ఎక్కడివి? పైగా అర నిమిషం ఆన్‌లో ఉంచితే కాలిపోతుంది. రెండు కాల్చాక వాడు గుంటూరులో ఒక టీవీ మెకానిక్ దగ్గర పాత డబ్బా టీవీ ఎల్‌ఓటీ అడిగి తెచ్చుకున్నాడు. పిక్చర్ ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అది. 12 వోల్టుల సప్లై, ఒక డ్రైవర్ సర్క్యూట్ కలిపితే ఎల్‌ఓటీ నుంచి నిలకడగా 15,000 వోల్టులు వచ్చాయి. పది 100 మెగాఓమ్ రెసిస్టర్లు వరుసగా కలిపి, చివర మల్టీమీటర్ పెట్టి కొలిచాం.

థ్రస్ట్ అంటే తోసే బలం. తెలుగులో ‘తోపు’ అనొచ్చు కానీ, రిపోర్ట్‌లో అలా రాస్తే హైదరాబాద్ కుర్రాళ్లు నవ్వుతారు. అందుకని థ్రస్ట్ అనే అందాం. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద నిలబెట్టి చూస్తే 0.3 గ్రాములు వచ్చింది, అంటే దాదాపు 3 మిల్లీన్యూటన్లు. సూదిలో పోయే కరెంటు 0.12 మిల్లీఆంపియర్లు. అంటే 1.8 వాట్లు.

వాడి పీపీటీలో ఒక స్లైడ్ ఉంది. నాసా వాళ్ల డీప్ స్పేస్ 1 వ్యోమనౌకలో వాడిన ఎన్‌స్టార్ ఇంజిన్ 2,300 వాట్లు తీసుకుని 92 మిల్లీన్యూటన్ల థ్రస్ట్ ఇచ్చింది. వాట్‌కి 0.04. మావాడిది వాట్‌కి 1.67. ‘నాసా ఇంజిన్ కంటే 40 రెట్లు మెరుగు’ అని ఎర్ర అక్షరాలతో కొట్టాడు. రెండు అంకెలూ కరెక్టే, లెక్కా కరెక్టే. అయినా ఆ స్లైడ్ తప్పు.

గాలి అడ్డమా, సరుకా?

సూది మొన దగ్గర విద్యుత్ క్షేత్రం చాలా ఎక్కువగా ఉంటుంది. అక్కడ గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అయాన్లు పుడతాయి. వానాకాలం రాత్రి హై టెన్షన్ లైన్ల కింద వినిపించే బుస్స్ శబ్దం ఇదే, దీన్ని కరోనా అంటారు. పుట్టిన అయాన్ రింగు వైపు పరిగెత్తాలని చూస్తుంది. కానీ మామూలు గాలిలో ఒక అణువు ఇంకోదాన్ని గుద్దుకోకుండా వెళ్లగలిగే సగటు దూరం మిల్లీమీటరులో పదిహేను వేల వంతు కూడా ఉండదు. రెండున్నర సెంటీమీటర్లు దాటేలోపు మూడున్నర లక్షల గుద్దులు. గుద్దిన ప్రతిసారీ అయాన్ తన వేగాన్ని మామూలు గాలి అణువుకి ఇచ్చేస్తుంది. అలా గాలి మొత్తం కదులుతుంది. కొవ్వొత్తిని వంచింది అయాన్లు కావు, అవి తోసిన గాలి.

అంటే గాలి ఇక్కడ అడ్డం కాదు, అదే సరుకు. సీలింగ్ ఫ్యాన్‌కి గాలి ఎంత అవసరమో దీనికీ అంతే అవసరం. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే తక్కువ పవర్‌తో ఎక్కువ థ్రస్ట్ వస్తుంది. వాట్‌కి 40 రెట్లు అన్న అంకె వచ్చింది అందుకే. అంతరిక్షంలో తోయడానికి ఏమీ ఉండదు కాబట్టి, తోసే సరుకుని కూడా భూమి నుంచే మోసుకెళ్లాలి. డీప్ స్పేస్ 1 దాదాపు 82 కిలోల జినాన్ వాయువు తీసుకెళ్లింది. మోసుకెళ్లిన ప్రతి గ్రామునీ వీలైనంత వేగంగా బయటికి విసిరితేనే అది ఎక్కువ కాలం వస్తుంది. ఎన్‌స్టార్ విసిరిన వేగం సెకనుకి సుమారు 30 కిలోమీటర్లు. వేగం పెంచితే సరుకు ఆదా అవుతుంది, కానీ వాట్‌కి వచ్చే థ్రస్ట్ పడిపోతుంది. మావాడు ఫ్యాన్‌ని తీసుకెళ్లి రాకెట్‌తో పోల్చాడన్నమాట.

ఇదంతా నేను నోటితోనే చెప్పాను. వాడు తలూపాడు కానీ ముఖంలో నమ్మకం లేదు. “చేసి చూద్దాం అన్నయ్యా” అన్నాడు. నిజానికి నాకూ అదే కావాలి. ఫోన్ బ్యాటరీ గురించి కంపెనీ ఏం చెప్పినా మనం ఛార్జ్ పెట్టి, వీడియో నడిపి చూస్తాం కదా.

పెళ్లి దండల గిన్నె, ఏసీ మెకానిక్ పంపు

మా కింది ఫ్లాట్‌లో ఉండే అక్క పెళ్లి దండలని రెజిన్‌లో పోసి ఫ్రేములు చేసి అమ్ముతుంది. రెజిన్‌లో బుడగలు పోవడానికి ఆవిడ దగ్గర ఒక స్టీల్ వ్యాక్యూమ్ గిన్నె ఉంది. 25 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు అంతే లోతు, పైన మందపాటి యాక్రిలిక్ మూత. ఆదివారం సాయంత్రానికి కడిగి ఇచ్చేస్తామని ఒట్టేసి, మూతకి కన్నాలు పెడతాం కాబట్టి కొత్త మూత కొనిస్తామని ఒప్పందం చేసుకుని తెచ్చాం.

ఆ మూత గురించి ఒక మాట. లోపల గాలి తీసేస్తే బయటి గాలి దాని మీద మోపే బరువు సుమారు 500 కిలోలు. వైశాల్యం 490 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో దాని మీద కిలోకి కొంచెం పైన, లెక్క మీరే వేసుకోండి. ఇంట్లో ఉన్న గాజు సీసాలతో, జాడీలతో ఈ పని ఎందుకు చేయకూడదో దీన్ని బట్టి తెలుస్తుంది.

పంపు, గేజ్ మాకు తెలిసిన ఏసీ మెకానిక్ ఇచ్చారు. ఏసీ బిగించేటప్పుడు పైపుల్లో గాలి, తేమ తీయడానికి వాళ్లు వాడేదే. గిన్నెకి ఉన్న ముల్లు గేజ్ చూసి మావాడు సంబరపడిపోయాడు. మూడు నిమిషాల్లో ముల్లు మైనస్ 760కి వెళ్లి కూర్చుంది. “ఫుల్ వ్యాక్యూమ్ అన్నయ్యా!” ఇది కూడా స్పెక్ షీట్ మాయే. ఆ ముల్లుకి వెయ్యో వంతు గాలి మిగిలినా, లక్షో వంతు మిగిలినా ఒకేలా కనిపిస్తుంది. అందుకే మెకానిక్ డిజిటల్ మైక్రాన్ గేజ్ కూడా ఇచ్చారు. బయటి గాలి 7,60,000 మైక్రాన్లు అనుకుంటే, మా గిన్నె 240 దగ్గర ఆగిపోయింది. అంతకంటే కిందికి దిగలేదు. అసలైన అయాన్ థ్రస్టర్లని పరీక్షించే ఛాంబర్లలో ఇది 0.01 మైక్రాన్ దగ్గర ఉంటుంది. మా ‘ఫుల్ వ్యాక్యూమ్’ దానికంటే 24,000 రెట్లు గాలితో నిండి ఉంది.

లోపల కాటా పెట్టలేదు. పంపు వణుకుడికి అంకెలు నిలబడవు, హై వోల్టేజ్‌కి దాని ఎలక్ట్రానిక్స్ బతకదు. దాని బదులు థ్రస్టర్‌ని మూత నుంచి 15 సెంటీమీటర్ల సన్నటి రాగి వైర్లతో ఉయ్యాలలా వేలాడదీశాం. కరెంటు కూడా ఆ వైర్లలోంచే. కింద గ్రాఫ్ పేపర్, పైనుంచి ఫోన్ కెమెరా. 12 గ్రాముల వస్తువుని 0.3 గ్రాముల బలం తోస్తే 15 సెంటీమీటర్ల ఉయ్యాల దాదాపు 4 మిల్లీమీటర్లు జరగాలి. మూత తెరిచే ఉంచి ఆన్ చేశాం. 4 మిల్లీమీటర్లే వచ్చింది. లెక్క సరిపోతే ఆ ఆనందమే వేరు.

కదిలిందల్లా థ్రస్ట్ కాదు

మూత పెట్టాం, పంపు ఇంకా ఆన్ చేయలేదు. ఈసారి నాలుగున్నర మిల్లీమీటర్లు జరిగింది. గాలి అంతే ఉంది, వోల్టేజ్ అంతే ఉంది, మరి అర మిల్లీమీటరు ఎక్కడిది?

థ్రస్టర్‌ని 180 డిగ్రీలు తిప్పి, రెండో వైపుకి తోసేలా పెట్టి చూశాం. మూడున్నర. ఇప్పుడు సూది తీసేసి దాని స్థానంలో సైకిల్ బేరింగ్ గుండు అతికించాం. గుండ్రంగా ఉంది కాబట్టి కరోనా రాదు, గాలి రాదు, అంటే థ్రస్ట్ సున్నా. అయినా ఆన్ చేయగానే ఉయ్యాల అర మిల్లీమీటరు పక్కకి జరిగింది! మొదటిసారి జరిగిన వైపుకే. స్టీల్ గిన్నె ఎర్త్ అయి ఉంది, ఉయ్యాల సరిగ్గా మధ్యలో లేదు, 15,000 వోల్టుల వస్తువుని దగ్గరి గోడ లాక్కుంటోంది. దువ్వెన కాగితం ముక్కని లాగినట్టే. నాలుగున్నర, మూడున్నరల సగటు 4. అసలు థ్రస్ట్ అదే.

మొత్తం ప్రయోగంలో నాకు బాగా నచ్చింది ఈ బేరింగ్ గుండే. పనిచేయదని ముందే తెలిసిన నకిలీని పక్కన పెట్టి కొలవడం. పెద్ద పెద్ద వాళ్లకి కూడా ఇది అవసరమైంది. ఇంధనం లేకుండానే తోస్తుందని పేరు తెచ్చుకున్న ఈఎం డ్రైవ్ గుర్తుందా? జర్మనీలో డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీకి చెందిన మార్టిన్ తాజ్మార్ బృందం 2018లో దాన్ని వ్యాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టి, పరికరంలోకి పవర్ దాదాపు పోకుండా ఆపి చూసింది. అప్పుడు కూడా ‘థ్రస్ట్’ దాదాపు అలాగే కనిపించింది. కేబుళ్లలో పోయే కరెంటుకీ, భూమి అయస్కాంత క్షేత్రానికీ మధ్య జరిగే తోపులాట కావచ్చని వాళ్లు తేల్చారు.

పంపు ఆన్

సగం గాలి పోయాక, అంటే 380 మిల్లీమీటర్ల దగ్గర, 15,000 వోల్టులు నిలబడలేదు. టప్ టప్‌మని స్పార్కులు. 9,000కి తగ్గిస్తే గానీ ఆగలేదు. కదలిక ఒకటిన్నర మిల్లీమీటరు. 100 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్ ఇంకా తగ్గించాల్సి వచ్చింది, కదలిక కంటికి కనిపించలేదు. 20 దగ్గర సూది నుంచి ఊదా రంగు దారాలు లేచాయి.

తర్వాత లైట్లు ఆపేశాం. 1,000 మైక్రాన్ల కిందికి దిగాక గిన్నె లోపలంతా ఊదా, గులాబీ రంగు వెలుగుతో నిండిపోయింది. రింగు చుట్టూ నీలి పొర. చూడ్డానికి నాసా ఫోటోల్లో అయాన్ ఇంజిన్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. మావాడు కేక వేశాడు. “అన్నయ్యా, వచ్చేసింది! ఇదే ఇదే!” వరసగా నలభై ఫోటోలు తీశాడు. రిపోర్ట్ కవర్ పేజీ మీద ఇదే అన్నాడు.

నేను గ్రాఫ్ పేపర్ చూస్తున్నాను. ఉయ్యాల సున్నా దగ్గరే ఉంది.

మల్టీమీటర్ ఇంకా ఘోరం. 15,000 చూపించాల్సిన చోట 450 వోల్టులు. సప్లై పాడైపోలేదు. లోపలి గాలే వైరులా మారి దాన్ని షార్ట్ చేసేసింది. 1889లో ఫ్రీడ్రిష్ పాషెన్ కనిపెట్టిన నియమం ఇక్కడ పనికొస్తుంది. స్పార్క్ రావడానికి ఎంత వోల్టేజ్ కావాలన్నది ఒక్క దూరం మీదే కాదు, పీడనాన్ని దూరంతో గుణిస్తే వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. గాలిని తీస్తూ పోతే కావాల్సిన వోల్టేజ్ తగ్గుతూ పోయి, ఒక చోట అడుగుకి చేరి, మళ్లీ పెరుగుతుంది. సమతల పలకల మధ్య గాలికి ఆ అడుగు సుమారు 330 వోల్టులు. రెండున్నర సెంటీమీటర్ల దూరానికి అది వచ్చేది సుమారు 230 మైక్రాన్ల దగ్గర. మా పంపు ఆగింది 240 దగ్గర! గాలి అత్యంత సులభంగా కరెంటుని పోనిచ్చే చోటుకే వెళ్లి మేం టెంట్ వేసుకున్నాం.

మరి ఆ వెలుగు? ట్యూబ్‌లైట్‌లో, ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టర్ బుడ్డిలో జరిగేదే. అయాన్లు ఉన్నాయి, కానీ 240 మైక్రాన్ల దగ్గర కూడా రింగు చేరేలోపు వంద సార్లకు పైగా గుద్దుకుంటాయి. ఒక దిశలో దూసుకెళ్లే ధార లేదు. గాలి ఉన్నప్పటిలా తోయడానికి సరిపడా సరుకూ లేదు. రెండింటికీ చెడ్డ రేవడి. యూట్యూబ్‌లో ‘ఇంట్లో చేసిన అయాన్ థ్రస్టర్’ అని ఊదా రంగు థంబ్‌నెయిల్ కనిపిస్తే, ఈసారి రంగు చూడకండి. పక్కన కొలిచే ముల్లో, ఉయ్యాలో ఉందా అని చూడండి.

అంతలో ఇంకో ట్విస్ట్. పది సెకన్లు అలాగే ఉంచేసరికి ఉయ్యాల నెమ్మదిగా కదలడం మొదలుపెట్టింది. ఒక మిల్లీమీటరు! వాడి మొహం చూడాలి మీరు. “చెప్పానా అన్నయ్యా!” నాకూ ఒక్క క్షణం గుండె ఆగింది. రెండు వారాల్లో రివ్యూ ఉన్న తమ్ముడు, నా పక్కన నిలబడి, ఆ ఒక్క మిల్లీమీటరుని పట్టుకుని వేలాడుతున్నాడు. నిజం కావాలనే అనిపించింది.

కానీ గాలిలో థ్రస్ట్ స్విచ్ వేసిన క్షణమే వచ్చింది, ఆపిన క్షణమే పోయింది. ఇది పది సెకన్లు తీసుకుని వచ్చింది, ఆపాక ఇరవై సెకన్లకి పోయింది. గాలి లోపలికి వదిలి, మూత తీసి, థ్రస్టర్‌ని వెనక్కి తిప్పి, మళ్లీ మొత్తం పంపు చేశాం. గంట పట్టింది. ఆన్ చేస్తే ఉయ్యాల మళ్లీ అదే గోడ వైపుకి కదిలింది. థ్రస్టర్ తిరిగింది కానీ కదలిక తిరగలేదు. డిశ్చార్జ్ వేడికి పైన వైర్లు పట్టుకున్న ప్లాస్టిక్ ముక్క మెత్తబడి వంగుతోంది, అంతే. తీసి చూస్తే ఒక అంచు ఉబ్బి ఉంది.

వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. బిర్యానీ తెప్పించాను.

అసలైన వాటికి కూడా తేలిగ్గా కుదరలేదు

తినేటప్పుడు చెప్పిన కబుర్లు ఇవి. నాసాలో హెరాల్డ్ కాఫ్‌మన్ తయారు చేసిన అయాన్ ఇంజిన్ 1964 జూలై 20న సెర్ట్-1 ప్రయోగంలో అంతరిక్షంలో 31 నిమిషాలు పనిచేసింది. దాంతోపాటే వెళ్లిన ఇంకో రకం ఇంజిన్ హై వోల్టేజ్ షార్ట్ వల్ల అసలు పనే చేయలేదు. ఆ ప్రయోగం ఎందుకు చేశారో తెలుసా? ఇంజిన్ పాజిటివ్ అయాన్లని విసిరేస్తూ పోతే నౌక నెగటివ్‌గా మిగిలిపోయి, విసిరిన వాటినే వెనక్కి లాగేసుకుంటుంది. అలా జరగకుండా వెనకాల నుంచి ఎలక్ట్రాన్లు కూడా చల్లాలి. అది సరిగ్గా జరుగుతోందా అన్నది భూమి మీద ఛాంబర్‌లో తేల్చుకోలేకపోయారు, ఎందుకంటే ఛాంబర్ గోడలే ఆ లెక్కలో తలదూరుస్తాయి. మా స్టీల్ గిన్నె గోడ చేసిన పనే, కొంచెం పెద్ద సైజులో. మావాడి డిజైన్‌లో ఎలక్ట్రాన్లు చల్లే భాగమే లేదు.

1998లో డీప్ స్పేస్ 1 ఇంజిన్‌ని మొదటిసారి ఆన్ చేస్తే నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. దగ్గర దగ్గరగా ఉండే రెండు జల్లెడల మధ్య ఏదో సూక్ష్మమైన చెత్త ఇరుక్కుని షార్ట్ అయిందని అనుమానించారు. రెండు వారాల తర్వాత మళ్లీ అంటుకుంది. ఆ జల్లెడల మధ్య వోల్టేజ్ వెయ్యికి కొంచెం పైనే, మావాడి 15,000తో పోలిస్తే ఏ మూలకి? గొప్పతనం వోల్టేజ్‌లో లేదు. ధార గుద్దుకోకుండా బయటికి వెళ్లడంలో ఉంది. 0.01 మైక్రాన్ దగ్గర అణువు సగటున 5 మీటర్లు అడ్డం లేకుండా వెళ్తుంది, ఛాంబర్‌కి అంత మంచి వ్యాక్యూమ్ కావాల్సింది అందుకే. ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. అంత మంచి వ్యాక్యూమ్‌లో 15,000 వోల్టులు నిలబెడితే ఎక్స్‌రేలు పుట్టొచ్చు. మెరుగైన పంపు కొని ఇంట్లో కొనసాగిద్దాం అన్న మావాడి ఐడియాని నేను అక్కడే తుంచేశాను.

మన ఇస్రో 2025 మార్చిలో 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టర్‌ని 1,000 గంటలు నడిపిన పరీక్ష పూర్తయిందని ప్రకటించింది. అది జల్లెడల రకం కాదు, జినాన్‌నే వేరే పద్ధతిలో విసురుతుంది. అంతరిక్షంలాంటి పరిస్థితులున్న ఛాంబర్‌లో 5.4 కిలోవాట్ల దగ్గర నడిపారు. మేం ఒకసారికి పది సెకన్లు దాటలేదు.

మరి మావాడి డబ్బా చెత్తేనా? కానే కాదు. 2018లో ఎంఐటీలో స్టీవెన్ బారెట్ బృందం ఇదే గాలి తోసే పద్ధతితో, 40,000 వోల్టులతో, 5 మీటర్ల రెక్కలున్న రెండున్నర కిలోల విమానాన్ని హాల్లో 60 మీటర్ల దూరం ఎగరేసింది. తిరిగే భాగం ఒక్కటీ లేకుండా. వస్తువు మంచిదే, దాని మీద అంటించిన స్టిక్కర్ తప్పు.

సోమవారం పొద్దున వాడు గైడ్ సార్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను. “సార్, శాటిలైట్ అని పెట్టాం కదా సార్, వ్యాక్యూమ్‌లో చూశాం, రావట్లేదు సార్.” అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే, “రీడింగ్స్ ఉన్నాయా?” ఉన్నాయి సార్ అన్నాడు. బేరింగ్ గుండుతో తీసినవి కూడా ఉన్నాయన్నాడు. “అయితే టైటిల్ మార్చి పంపు, నేను హెచ్‌ఓడీతో మాట్లాడతా.”

కొత్త టైటిల్ ‘కరోనా థ్రస్టర్ పనితీరుపై గాలి పీడనం ప్రభావం’. 40 రెట్లు స్లైడ్ తీసేశాడు. కవర్ మీద ఊదా రంగు ఫోటో మాత్రం ఉంచాడు, ఎంత చెప్పినా వినలేదు. కింద చిన్న అక్షరాలతో ‘240 మైక్రాన్లు, 450 వోల్టులు, థ్రస్ట్ సున్నా’ అని రాశాడు.

కింది అక్కకి కొత్త మూత వచ్చింది. మెకానిక్ పంపులో ఆయిల్ మార్చి ఇచ్చేశాం. పాత ఆయిల్ టీ రంగులోకి తిరిగింది. గిన్నెకి పట్టి ఉన్న రెజిన్ వల్లో, మా ప్లాస్టిక్ వల్లో అని ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు.